ఆవకాయ మహాలక్ష్మిగారి విశ్రాంతి

తిరువూరు,
మన్మథ నామ సంవత్సరం, చైత్ర మాసం (1955)

చిరంజీవి సౌభాగ్యవతి శ్యామలకు, నీ వదిన మహాలక్ష్మి దీవించి రాసేది. ఇక్కడ అందరూ బాగున్నారు. అంటే బాగుండవలసిన వాళ్ళు బాగున్నారు, మిగిలింది నేను.

మీ అన్నయ్య ఉగాది నాడు నూనె మిల్లు తాళాలు మా అబ్బాయి సుందరరామయ్య చేతిలో పెట్టి, ఇక నాకు ప్రపంచంతో పని లేదని ప్రకటించారు. ప్రపంచంతో లేదు గానీ నాతో ఉంది. మిల్లుకు వెళ్ళే రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి మాత్రం కనిపించేవారు. ఇప్పుడు వసారాలో పడక కుర్చీ వేయించుకుని పొద్దున్నుంచీ వైరాగ్యంలో ఉంటున్నారు. ఆ వైరాగ్యానికి గంటకోసారి కాఫీ కావాలి. విసనకర్ర ఎక్కడుందో ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. మగవాళ్ళ విశ్రాంతి ఆడవాళ్ళకు ఉద్యోగమని నాకు ఈ వయసులో తెలిసివచ్చింది.

అది చాలదన్నట్టు వేసవి వచ్చింది. నీకు తెలియనిదేముంది. నా చేతికి హస్తవాసి ఉందన్న మాట పుట్టించింది మీ అమ్మే. నేను కాపురానికి వచ్చిన ఏడు కలిపిన ఆవకాయ మళ్ళీ ఉగాది దాకా ముక్క మెత్తబడకుండా నిలిచిందని ఆవిడ బజారు వీధంతా చాటింది. ఆ రోజు మొదలు వీధిలో ఎవరింట ఆవకాయ పెట్టినా ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె గిన్నెల్లో పట్టుకుని మన వసారాలోకి రావడం, నేను చెయ్యి పెట్టి కలపడం. కలిపి ఇస్తే సరిపోదు. మూడోనాడు తిరగ కలపడానికి మళ్ళీ వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళరు, కోడళ్ళ సంగతులన్నీ చెప్పి వెళతారు. వేసవి అయ్యేసరికి నా చేతులు మండుతాయి, చెవులు అంతకన్నా ఎక్కువ మండుతాయి.

కాస్త మనశ్శాంతి దొరుకుతుందేమోనని మొన్న బండి కట్టించుకుని నెమలి గుడికి వెళ్ళాను. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని మంటపంలో స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. చల్లగా ఉంది, చప్పుడు లేదు. ఇదే కాబోలు అనుకుంటుండగా భుజం మీద ఎవరో తట్టారు. స్వామే అనుకున్నాను. కాదు, పెనుగొలను నుంచి వచ్చిన ఒక ఆవిడ. “ఆవకాయ మహాలక్ష్మిగారు మీరేనాండి?” అంది. దేవుడి సన్నిధిలో అబద్ధం ఆడలేక అవునన్నాను. గుడి తలుపులు వేసేదాకా ముక్కలో తడి ఎలా తీయాలో చెబుతూ కూర్చున్నాను.

కొత్త కోడలు ప్రేమావతి మంచి పిల్ల. గంపలగూడెం వాళ్ళమ్మాయి, మాఘంలో కాపురానికి వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

శ్యామలా, నాకు అరవై దగ్గరపడ్డాయి. మోక్షం అక్కరలేదు. ఎవరికీ అవసరం లేకుండా నాలుగు రోజులు ఒక మూల కూర్చోవాలని ఉంది. దారి చెప్పు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడి వల్ల కాలేదు గనుక నిన్ను అడుగుతున్నాను.

నీ వదిన
మహాలక్ష్మి

*

బెజవాడ,
చైత్ర బహుళం

వదినకు శ్యామలాదేవి నమస్కారాలు.

నీకు శాంతి కావాలన్న సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. శాంతి కావాలంటే మా బెజవాడ రావలసింది, ఇక్కడ వీధివీధినా అమ్ముతున్నారు. మా కొట్టు ఎదురుగా పందిరి వేసి మనశ్శాంతి మీద ఉపన్యాసాలు చెప్పిస్తున్నారు. చెప్పేది మైకులో. ఆయన నోట శాంతి అన్న మాట వచ్చినప్పుడల్లా మైకు కీచుమంటుంది. అది ఆగితే సినిమా బండి వాడు డప్పు వేసుకుంటూ వస్తాడు. అదీ ఆగితే కృష్ణ మీద కట్టే కొత్త ఆనకట్టకు సామాను మోసే లారీలు. ఇంత శాంతి తట్టుకోలేక మా ఆయన చెవుల్లో దూది పెట్టుకుని బట్టలు అమ్ముతున్నారు. గజం అంటే మూర కొలుస్తున్నారు.

నా సంగతి అడిగితే నాకేం తక్కువ. కోడళ్ళిద్దరూ నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. నేను పూర్తి విశ్రాంతిలో ఉన్నాను.

ఇక నీకు దారి. నువ్వు ఓపిక లేదంటే ఆ వీధి వాళ్ళు నీకు వేడి నీళ్ళ కాపడం పెట్టి మరీ కలిపిస్తారు. కాశీకి పోతానంటే గిన్నెలు పట్టుకుని రైలెక్కుతారు. నీ హస్తవాసి పోయిందని నలుగురికీ నమ్మకం కుదిరితే తప్ప నిన్ను ఎవరూ వదలరు. మా అమ్మ ఇచ్చిన బిరుదు అంత తేలిగ్గా పోయేది కాదు. కాబట్టి నోరు మూసుకుని ముక్కలు కలుపు. మాకు ఎప్పటిలాగే ఒక జాడీ పంపడం మరిచిపోకు.

అన్నయ్య వైరాగ్యానికి నా నమస్కారాలు చెప్పు.

శ్యామల

*

తిరువూరు,
జ్యేష్ఠ మాసం

శ్యామలకు దీవెనలు.

ఆవకాయలు అయిపోయాయి. వీధిలో అందరివీ కలిపి పంపాను. ఎప్పటిలాగే మన ఇంటిది చివర పెట్టాను. జాడీల మూతికి వాసెన గుడ్డ కట్టింది ప్రేమావతి. పిల్లకు పని నేర్పాలి గదా. మన ఇంటిదాంట్లోంచే తీసిన మీ జాడీ బస్సు కండక్టరు ఏసోబు చేతికి ఇచ్చి పంపుతున్నాను. అతను తలకిందులు చేయకుండా తెస్తే అదృష్టం.

నువ్వు ఆశ్చర్యపోతావేమో గానీ ఈ మధ్య నేను చాలా నిమ్మళంగా ఉన్నాను. వచ్చే వేసవికి మన వసారా ఖాళీగా ఉంటుందని నాకెందుకో అనిపిస్తున్నది. మీ అన్నయ్య పక్కనే నేనూ ఒక పడక కుర్చీ వేయించుకుందామని చూస్తున్నాను. రెండు వైరాగ్యాలకు కాఫీ ఎవరు ఇస్తారన్నదే ఇంకా తేలలేదు.

ఎక్కువ రాయడానికి ఏమీ లేదు.

మహాలక్ష్మి

*

బెజవాడ,
ఆషాఢ మాసం

వదినా,

నీ జాడీ క్షేమంగా చేరింది. లోపల ఉన్నది మాత్రం క్షేమంగా లేదు. నిన్న వాసెన విప్పగానే చిన్నకోడలు ముక్కు మూసుకుంది, పెద్దకోడలు నా ముఖం చూసింది. పైన వేలెడు మందాన బూజు. మా పుట్టింటి గొప్ప చెప్పుకోవడానికి నాకు ఏడాదికి ఒక్క జాడీ ఆధారం. అది దొడ్లో గొయ్యి తీసి పాతిపెట్టించాను.

మొదట కండక్టరును తిట్టాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. పూర్తి విశ్రాంతిలో ఉన్నదాన్ని గదా, ఆలోచనకు లోటు లేదు. ఆవకాయ బస్సు కుదుపుకు బూజు పట్టదు. తడి తగిలితే పడుతుంది. నువ్వా, చెయ్యి కడుక్కుంటే తుడుచుకుని, తుడుచుకున్నది చాలక ఎండలో ఆరబెట్టుకుని వచ్చే మనిషివి. నీ చేతికి పొరపాటున తడి ఉండదు. ఉంటే గింటే కావాలనే ఉండాలి.

పైగా ఆ నిమ్మళమైన ఉత్తరం ఒకటి. పెళ్ళయిన నాటినుంచీ నువ్వు నిమ్మళంగా ఉన్నానని ఎప్పుడూ రాయలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

నేను వెటకారానికి అన్న మాట నువ్వు పట్టుకున్నావని నా నమ్మకం. ఇన్నేళ్ళలో నా మాట నువ్వు విన్నది ఇదొక్కటే, అదీ ఇలా విన్నావు. నిజం రాయి.

శ్యామల

*

తిరువూరు,
శ్రావణ మాసం

శ్యామలా,

నీకు పోలీసు ఉద్యోగం ఇవ్వకపోవడం ప్రభుత్వానికి నష్టం. అవును, నేనే చేశాను. చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా ముక్కల్లో పెట్టాను. అందరివీ పాడు చేద్దామనే మొదట అనుకున్నాను. కానీ సంసారులు ఏడాది పొడుగునా అన్నంలో కలుపుకునేది ఆ జాడీయే. పరాయి వాళ్ళ ముక్క చెడగొట్టడానికి చెయ్యి రాలేదు. మన ఇంటిది చెడితే చాలు, సొంత ఇంటి ఆవకాయే నిలవనిది ఇక మనకేం నిలుస్తుందని వాళ్ళే మానేస్తారని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్క ఎలా తప్పిందో చెబుతాను. జాడీ చెడిందని తెలియగానే పక్కింటి సీతారావమ్మగారు పరామర్శకు వచ్చింది. బట్టల కొట్టు ఆదిశేషయ్యగారి భార్య, నీకు తెలుసు. జాడీలోకి తొంగి చూసింది, వాసన చూసింది, వసారాలో చతికిలబడింది. “మా జాడీ నిక్షేపంలా ఉంది వదినగారూ. వీధిలో అందరివీ బాగానే ఉన్నాయి. అంటే మీ చేతికేం రాలేదు. మరి మీ ఇంట్లో కొత్తగా వచ్చిన చెయ్యి ఎవరిది?” అంది. అని ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటే వీధి మాట్లాడుతుంది.

వరలక్ష్మీ వ్రతం నాడు వాళ్ళింటికి పేరంటానికి వెళ్ళాం. ప్రేమావతి పూర్ణం బూరెలకు పిండి కలపబోయింది. సీతారావమ్మ కోడలు ఆ గిన్నె మెల్లగా తీసుకుని పక్కన పెట్టింది. అందరూ చూశారు. ప్రేమావతి లేచి తోరణం సర్దుతున్నట్టు గుమ్మం దగ్గర నిలబడింది.

నేను నోరు విప్పలేదు. విప్పితే నేను చేసిన పని బయటపడుతుంది, మళ్ళీ వేసవికి గిన్నెలన్నీ నా ముందుకే వస్తాయి. నాలుగు రోజులు పోతే జనం వాళ్ళే మరిచిపోతారులే అనుకున్నాను. నువ్వు కూడా అదే అంటావని ఆశ.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. ఆ పేరంటం నుంచి మధ్యాహ్నం పడుకుంటే నాకు కళ్ళు మూతపడడం లేదు.

మహాలక్ష్మి

*

బెజవాడ,
భాద్రపద మాసం

వదినా,

ఈసారి నాకు వెటకారం రావడం లేదు. ఎంత ప్రయత్నించినా కోపమే వస్తున్నది.

నేను పోయిన ఉత్తరాల్లో ఒక అబద్ధం రాశాను, దాన్ని ముందు సరిచేస్తాను. కోడళ్ళు నన్ను పువ్వుల్లో పెట్టుకున్న మాట నిజమే, పెట్టి అటకెక్కించారు. వంటింట్లోకి వెళితే ఇద్దరూ మాటలు ఆపేస్తారు. చారులో ఉప్పు ఎక్కువైందంటే, అలాగే అత్తయ్యా అని మర్నాడు అంతే వేస్తారు. పొద్దున లేస్తే రాత్రి దాకా నన్ను ఎవరూ ఏమీ అడగరు. నువ్వు విసుక్కుంటూ రాసే ఆ గిన్నెల బారు సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపు మండేది. నువ్వు వద్దనేది నేను కావాలనేది ఒకటే, ఏం చేస్తాం. దేవుడు పంపకాలు సరిగా చేయడు.

కానీ మనిద్దరిదీ అరవయ్యేళ్ళ వాళ్ళ ఏడుపు. ఎటూ కాకపోతే పోయే రోజు దగ్గరే ఉంది. ఆ పిల్లకు ఇరవై నిండలేదు. చెయ్యి మంచిది కాదన్న పేరు పడితే ఏ ఇంట పెళ్ళికి పసుపు దంచడానికి పిలుస్తారు? రేపు దాని కడుపున ఆడపిల్ల పుడితే తల్లి పోలికేనా అంటారు. నీ మధ్యాహ్నపు నిద్ర కోసం దాని బతుకంతా తాకట్టు పెట్టావు.

వెళ్ళి చెప్పు. ఒకరి చెవిలో కాదు, నలుగురిలో చెప్పు. ముందు ఆ పిల్లకు చెప్పు.

శ్యామల

*

తిరువూరు,
కార్తిక మాసం

శ్యామలకు,

నీ ఉత్తరం ఇన్నాళ్ళూ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పడుకున్నాననడమే గానీ నిద్ర పట్టింది లేదు.

ముందు ప్రేమావతికే చెప్పాను. ఇద్దరం బియ్యం ఏరుతున్నాం. ఎలా మొదలుపెట్టానో నాకే తెలియదు, చివరిదాకా చెప్పేశాను. ఆ పిల్ల చేట దించలేదు. “నాకు తెలుసండి అత్తయ్యా. ఆ రోజు మీ చేతి మీద నీటి చుక్కలు చూశాను” అంది. మరి ఇన్ని నెలలూ ఎందుకు ఊరుకున్నావమ్మా అన్నాను. “కొత్త కోడలు చెబితే ఎవరు నమ్ముతారండి?” అంది, అని బియ్యంలో రాయి తీసి పారేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు గమనించాను, వంటింట్లో కూరలన్నీ తనే చేస్తుంది గానీ ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నన్ను పిలుస్తుంది. ఎప్పటి నుంచి పిలుస్తున్నదో నాకు గుర్తు లేదు. పని చెబుతున్నదని నేను విసుక్కున్నది మాత్రం గుర్తుంది.

తర్వాత వనభోజనాల నాడు మామిడితోటలో, బజారు వీధి ఆడవాళ్ళందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా లేచి నిలబడి చెప్పాను. తడి చెయ్యి పెట్టింది నేను, కావాలనే పెట్టాను, ప్రేమావతి కట్టింది వాసెన ఒక్కటే అన్నాను. తిడతారని, నవ్వుతారని సిద్ధపడి ఉన్నాను.

సీతారావమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “కోడలి మీద పడిన నింద తన నెత్తిన వేసుకునే అత్తను ఈ కలికాలంలో చూస్తాననుకోలేదు” అంది. అంతే, అందరూ కళ్ళు ఒత్తుకున్నారు. కాదమ్మా నిజంగానే చేశానంటే, చూశారా ఇంకా కాపాడుతున్నారు అన్నారు. ఒకావిడ వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టింది. శ్యామలా, నేను తోటకు దొంగగా వెళ్ళి మహాత్మురాలిగా తిరిగి వచ్చాను. ఇప్పుడు ఆవకాయకే కాదు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి కూడా నా చెయ్యే కావాలంటున్నారు. ప్రేమావతి మీద పడ్డ మచ్చ ఇంకా చిక్కబడింది. అంత గొప్ప అత్త దాచవలసి వచ్చిందంటే అది ఎంత పాడు చెయ్యో అనుకుంటున్నారు.

నా మాట నమ్మింది ఒక్కతే, స్కూలు మాస్టారు దేవానందం గారి భార్య అంతోనమ్మ. ఏటా ఆవిడ ముక్కలూ నేనే కలుపుతాను. విని మర్నాడు వచ్చింది. “మేం చర్చిలో ఫాదరుగారి దగ్గర ఒప్పుకుంటామండి. ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడు. కానీ ఆయన ఊరుకోడు, చెడగొట్టింది బాగుచేసి రా అంటాడు. మీరు ఒప్పుకోవడం వరకు అయింది, బాగుచేయడం ఉండిపోయింది” అంది. కాఫీ తాగి వెళ్ళిపోయింది.

మీ అన్నయ్య వైరాగ్యంలోంచి కాసేపు బయటికి వచ్చి, “ఇన్నేళ్ళకు నాకు తెలియకుండా ఒక పని చేశావన్నమాట” అన్నారు. అది మెచ్చుకోవడమో తిట్టడమో అర్థం కాలేదు.

ఇప్పుడు ఏం చేయను?

మహాలక్ష్మి

*

బెజవాడ,
మార్గశిర మాసం

మహాత్మురాలైన వదినగారి పాదపద్మాలకు శ్యామల సాష్టాంగపడి రాసేది.

నీ ఉత్తరంతో నా వెటకారం నాకు తిరిగి వచ్చింది, సంతోషం.

నిజం చెబితే ఎవరూ నమ్మలేదని బాధపడకు. నిజానికి మన వీధుల్లో గిరాకీ తక్కువ. దీక్ష అని చెప్పు, నోరెత్తకుండా నమ్ముతారు. వచ్చే వేసవికి ఎవరి గిన్నెలూ కాదనకు. అన్నీ తీసుకో. కాకపోతే మహాలక్ష్మిగారు ఈ ఏడు మడిదీక్షలో ఉన్నారు, తలుపులు మూసి కలుపుతారు, ఎవరూ చూడకూడదు అని చెప్పు. రుషివి గదా, ఆ మాత్రం గొప్ప నీకు చెల్లుతుంది. లోపల కలిపేది ప్రేమావతి. తొలి చిటికెడు ఉప్పు నుంచి చివరి గరిటె నూనె దాకా దాని చెయ్యే. నువ్వు ఏ ఒక్కదాన్నీ తాకకు. తాకావా, మళ్ళీ నీ హస్తవాసే అంటారు. శ్రావణం దాకా జాడీలు నిలిస్తే అప్పుడు చెప్పు. తిన్న నోటితో ఎవరూ కాదనలేరు.

నిలవకపోతే సంగతి కూడా ఆలోచించుకో. వీధి వీధంతా ఏడాది తిండి పోతుంది, ఆ పిల్ల ఇక ఆ ఊళ్ళో తల ఎత్తుకోలేదు. అందుకని ఈ చలికాలమంతా దానికి నేర్పు. నీకు తెలిసింది దాచుకోకుండా నేర్పు. వైకుంఠానికి పట్టుకుపోతావా?

శ్యామల

*

తిరువూరు,
దుర్ముఖి నామ సంవత్సరం, జ్యేష్ఠ మాసం (1956)

శ్యామలకు దీవెనలు.

అయింది. చివరి గిన్నె నిన్న సాయంత్రం వెళ్ళింది.

దీక్ష అనగానే నువ్వన్నట్టే నోళ్ళు మూతపడ్డాయి. గిన్నెలు వసారాలో పెట్టి, కళ్ళకద్దుకుని, వీధిలో నిలబడేవాళ్ళు. సీతారావమ్మగారు మాత్రం తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది, మోకాళ్ళ నొప్పులట. లోపల ప్రేమావతి ముక్కల ముందు, నేను గోడవారగా పీట మీద.

ఈ చేతులను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఇంతకుముందు తెలియదు. మొదటి రోజు ఆ పిల్ల ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని ఆగింది. నా వైపు చూసింది. కొంచెం తగ్గించు అనబోయి నాలిక కరుచుకున్నాను. ఎందుకంటే అది సరిగ్గానే తీసింది. పాడవుతుందేమోనన్న భయం నాది గానీ తప్పు దానిది కాదు. వేసేయి అన్నాను. వేసింది. రెండో రోజు ఆవపిండి ఎక్కువవుతుందేమో అన్నాను. “అత్తయ్యా, మీరు దీక్షలో ఉన్నారు, మాట్లాడకూడదండి” అంది. దీక్ష నాకేనని అప్పుడు తెలిసింది.

తర్వాత ఏ రోజో చెప్పలేను. అంతోనమ్మ గిన్నె కలుపుతున్నది. కొత్త ఆవపిండి ఘాటు, పచ్చి మామిడి వాసన, పప్పునూనె వాసన. దాని గాజుల చప్పుడు ఒక వరసలో వినిపిస్తున్నది. ఉప్పు దగ్గర ఆగి నా వైపు చూడడం ఎప్పుడో మానేసింది. నేను చేయవలసింది ఏమీ లేదు, సరిదిద్దవలసింది కూడా లేదు. ఆ మాట మనసుకు తట్టడమే గుర్తు. తర్వాత ఎవరో మోకాలు తట్టారు. “అత్తయ్యా, గురక బయటికి వినపడుతోందండి. కలిపే మనిషి గురక పెట్టదు గదా” అంటున్నది ప్రేమావతి. కారం చేతులు ఎడంగా పట్టుకుని నవ్వుతున్నది. మన ఇంటికి వచ్చాక ఆ పిల్ల పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూడలేదు. నెమలి మంటపంలో దొరకనిది మన వంటింట్లో ఉక్కపోతలో దొరికింది శ్యామలా.

ఇక శ్రావణం దాకా భయపడుతూ కూర్చోవాలి. ఏ ఇంటి మీదుగా వెళ్ళినా ముందు ముక్కు పనిచేస్తున్నది.

మహాలక్ష్మి

*

బెజవాడ,
ఆషాఢ మాసం

వదినా,

దీక్షలో గురక పెట్టిన రుషిని నేను పురాణాల్లో కూడా వినలేదు.

నీ దీక్ష చూసి నాకూ బుద్ధి పుట్టింది. మొన్న కోడళ్ళిద్దరినీ పిలిచి, నేను మధ్యాహ్నం మాగాయ పెట్టే దీక్ష పట్టాను, సాయంత్రం దాకా వంటింట్లోకి ఎవరూ రాకూడదు అన్నాను. ఇద్దరూ నోరు తెరుచుకుని సినిమాకు పోయారు. మాగాయలో మెంతిపిండి ఎక్కువై చేదు వచ్చింది. నేను కలిపింది గనుక నాకు బాగానే ఉంది. రోజూ వేసుకుంటున్నాను. మా ఆయన కూడా తింటున్నారు, చెవుల్లోంచి దూది తీసి నాలిక మీద పెట్టుకుంటే బాగుండునంటున్నారు.

శ్రావణం కాగానే రాయి. ఇక్కడ మూడు ముడుపులు కట్టాను, ఒకటి నీకు, ఒకటి ఆ పిల్లకు, ఒకటి జాడీలకు.

శ్యామల

*

తిరువూరు,
కార్తిక మాసం

శ్యామలకు దీవెనలు.

శ్రావణంలోనే రాయనందుకు నువ్వు నన్ను ఎన్ని తిట్లు తిట్టి ఉంటావో నాకు తెలుసు. కార్డు ముక్క మీద అంతా క్షేమం అని మాత్రం రాశాను, మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. జాడీలు నిలిచాయి, కానీ కథ అక్కడ అయిపోలేదు. అది నాకు కూడా నిన్ననే తెలిసింది. ఇవాళ పొద్దున్నే నిద్ర లేచి ముఖం కడుక్కుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వరలక్ష్మీ వ్రతం ఈసారి మన ఇంట్లో చేశాం. వాయనాలు ఇచ్చాక లేచి చెప్పాను. ఈ ఏడు మీరు తింటున్నది ప్రేమావతి కలిపిన ఆవకాయ, నేను ముక్క కూడా తాకలేదు అన్నాను. నలుగురు అప్పుడే కొంగులు కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. మళ్ళీ రుషిని అయిపోతున్నాననుకున్నాను. అప్పుడు సీతారావమ్మగారు లేచింది. “ఏడుపులు ఆపండి. ఆవిడ చెప్పేది నిజం. కలుపుతున్నంతసేపూ నేను తలుపు పక్కనే కూర్చున్నాను. లోపల గాజులూ వినపడ్డాయి, గురకా వినపడింది. ఆ గురక ఎవరిదో ఈ వీధిలో తెలియని వాళ్ళు లేరు” అంది. ఆవిడ అంతటితో ఆగలేదు. అనుమానం వచ్చి తన జాడీ మూడు నెలలు ముట్టలేదట, ఎప్పుడు బూజు పడుతుందా, ఎప్పుడు పట్టుకొచ్చి నలుగురికీ చూపిద్దామా అని కాచుకుని కూర్చుందట. వారం కిందట వాసెన విప్పితే ముక్క కరకరలాడిందట. “పోయిన ఏడు నేనన్న మాట తప్పమ్మా” అని ప్రేమావతి చేతులు పట్టుకుంది. తప్పు పట్టడానికి కూర్చున్న మనిషే సాక్ష్యం చెప్పింది. ప్రేమావతి లోపలికి వెళ్ళి బూరెల పిండి కలిపింది. ఆవిడ కోడలే పక్కన కూర్చుని నూనె కాచింది.

ఇక నిన్నటి సంగతి. కొత్త రాష్ట్రం వచ్చిందని ఊరంతా ఇంకా హడావుడిగానే ఉంది. మీ అన్నయ్య కూడా వైరాగ్యం వాయిదా వేసి సభలకు వెళుతున్నారు. మధ్యాహ్నం నేను వసారాలో ఒక్కదాన్నే ఉన్నాను. సీతారావమ్మగారు ఉసిరికాయలు, పసుపు, ఉప్పు గిన్నెలో పెట్టుకుని మెట్లెక్కింది. నేను అలవాటు కొద్దీ లేచాను. గోలెం దగ్గర చేతులు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, ఎండలో కాసేపు పట్టుకుని ఆరబెట్టుకుని వచ్చాను. ఆవిడ నన్ను దాటి లోపలికి చూస్తున్నది. “మీరు కాదు వదినగారూ. ప్రేమావతి ఉందా?” అంది.

ఎన్నాళ్ళుగానో నేను వినాలనుకున్న మాట అదే. వినగానే గుండెలో కలుక్కుమంది. అబద్ధమెందుకు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉంది, లోపల ఉంది అని పక్కకు జరిగాను. ఆవిడ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, నా వైపు చూడను కూడా లేదు.

తర్వాత చాప పరుచుకుని పడుకున్నాను. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ప్రేమావతి ఎంత ఉప్పు వేయమంటున్నదో విందామని చెవి అటు పెట్టాను. వినేలోపే నిద్ర పట్టేసింది.

నీ వదిన
మహాలక్ష్మి